శుక్లాల ఆపరేషన్ తర్వాత చూపు ఎంత వచ్చింది: లెక్క పెట్టడం ఎలా

చిన్న కంటి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆప్టోమెట్రిస్టుని, శ్రీకాకుళం జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్దానం కొబ్బరి తోటల వాళ్లు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు, సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. ఊళ్లో క్యాంపు పెట్టి చూస్తాం, బస్సులో తీసుకొస్తాం, ఆపరేషన్ చేసి మర్నాడు నల్లద్దాలు పెట్టి పంపిస్తాం. ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేశారని ఎవరడిగినా ఇలాంటి ఆసుపత్రులు టక్కున చెప్పేస్తాయి. దాతలు అడిగేది అదే, జిల్లా అంధత్వ నివారణ సంస్థకు పంపే కాగితంలో ఉండేదీ అదే. ఆపరేషన్ అయినవాళ్లలో ఎంతమందికి చూపు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చాలాచోట్ల ఉండదు. ఆ జవాబు ఎలా సంపాదించాలో, సంపాదించాక దాంతో ఏం చేయాలో చెబుతాను. దీనికి కొత్త మిషన్లు అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక పిన్‌హోల్ (సన్న రంధ్రమున్న కంటి మూత), బాధ్యత తీసుకునే ఒక మనిషి చాలు.

అవసరమా అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం కళ్లు పరీక్షించి పెద్ద సర్వే చేశారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లలో కూడా చూపు సరిగా లేనివి చాలానే బయటపడ్డాయి. ఏదో ఒక ఆసుపత్రి లెక్కలో అవన్నీ పూర్తయిన ఆపరేషన్లే. డబ్బు ఖర్చయింది, సర్జన్ శ్రమపడ్డాడు, రోగి పనులు మానుకుని వచ్చాడు, చూపు మాత్రం రాలేదు.

వైద్యంలో విలువ అంటే రోగికి దక్కిన ఫలితాన్ని దానికి పెట్టిన ఖర్చుతో భాగించగా వచ్చేది అని 2006లో మైకేల్ పోర్టర్, ఎలిజబెత్ టీస్‌బర్గ్ చెప్పారు. మన రంగంలో కింది అంకె మీద, అంటే ఖర్చు మీద, గొప్ప పనే జరిగింది. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి 1992లో ఆరోల్యాబ్ స్థాపించి కంటి లెన్సుల్ని ఇక్కడే తయారుచేయడంతో లెన్సు ధర బాగా దిగింది. ఇవాళ చిన్న ఊళ్లో కూడా ఉచితంగా లెన్సు వేయగలుగుతున్నామంటే అలాంటివాళ్ల చలవే. పై అంకె సంగతే మనం ఇంకా చూసుకోవాలి.

ఏం రాసుకోవాలి

మొదటి రోజే నలభై గడుల ఫారం తయారుచేయకండి. రెండు వారాలు నింపి వదిలేస్తారు. శుక్లాలకు ఏమేం కొలవాలో అంతర్జాతీయంగా నిపుణులు కూర్చుని 2015లో ఒక కనీస జాబితా ప్రచురించారు. ఐచోమ్ అనే సంస్థ ఆ పని చేయించింది. అందులోని ముఖ్యాంశాలు మన స్థాయికి తెస్తే నాలుగు: నెల దాటాక చూపు, కళ్లజోడు పవరు అనుకున్నదానికి ఎంత దూరంలో ఉంది, ఆపరేషన్‌లో జరిగిన ఇబ్బందులు, రోగి తన మాటల్లో ఏం చెబుతున్నాడు.

వీటన్నిటికంటే ముందు, ఆపరేషన్‌కు వెళ్లేముందు ఉన్న స్థితి రాయాలి. రెండు కళ్ల చూపు, షుగరు, గ్లకోమా, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద మచ్చ, రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) కనిపించిందా లేదా. శుక్లం తెల్లగా ముదిరిపోయి లోపల ఏమీ కనిపించకపోతే బి-స్కాన్ (కంటి లోపల చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేశారా అన్నది కూడా. ఇది లేకపోతే నెల తర్వాత చూపు రాని కన్ను ముందుంటుంది, అది ఆపరేషన్ వల్ల రాలేదో, లోపల ఎప్పటినుంచో ఉన్న జబ్బు వల్ల రాలేదో తేల్చలేరు. సర్జన్‌కు అన్యాయం జరుగుతుంది, రోగికి సమాధానం దొరకదు.

చూపు కొలవడం గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి. మొత్తం లెక్క నిలబడేది దీనిమీదే.

ఆరు మీటర్ల దూరాన్ని టేపుతో కొలిచి నేల మీద రంగు గీత వేయండి. కుర్చీ జరిగిపోతుంటుంది, గీత జరగదు. గది చిన్నదైతే మూడు మీటర్లలో అద్దం పెట్టుకోవచ్చు. చదువు రానివాళ్లకు ఈ-చార్టు వాడండి, దానిమీద రకరకాలుగా తిప్పి ఉన్న E అక్షరం కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపమనండి. పక్కన నిలబడ్డ కోడలో కొడుకో "కిందకమ్మా, కిందకి" అని అందిస్తుంటారు. ప్రేమతోనే అంటారు, వాళ్లను తలుపు అవతల కూర్చోబెట్టండి. రెండో కన్ను అరచేత్తో మూయించండి, వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. 6/60 (మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆరు మీటర్ల నుంచి చదవడం) కూడా చదవలేకపోతే మూడు మీటర్లకు తీసుకురండి, ఆ తర్వాత వేళ్లు లెక్కించడం, చెయ్యి కదలిక, వెలుతురు. ఏ మెట్టులో ఆగారో అదే రాయండి.

నెల తర్వాత వచ్చినప్పుడు మొదట కొలవాల్సింది రోగి ముఖం మీద ఆ క్షణాన ఉన్నదానితో. కళ్లజోడు ఉంటే దానితో, లేకపోతే ఉత్తి కంటితో. కళ్లజోడు పెట్టుకొచ్చినవాళ్లను అది ఎక్కడిదని అడగండి. ఆపరేషన్‌కు ముందున్న పాత జోడు పెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు, పెద్దాయన జోడు ఆవిడ పెట్టుకొచ్చే ఇళ్లుంటాయి. ఏదైనా సరే, ఇంట్లో, తోటలో వాళ్లు బతుకుతున్నది ఆ చూపుతోనే కాబట్టి దాన్నే రాయాలి. తర్వాత పిన్‌హోల్ పెట్టి ఇంకోసారి. ఆ తర్వాతే రిఫ్రాక్షన్, అంటే పరీక్ష అద్దాలు మార్చి చూసి పవరు తేల్చడం. ఈ వరస తప్పకూడదు. రిఫ్రాక్షన్ చేసి వచ్చిన మంచి అంకెను మాత్రమే రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. పరీక్ష అద్దాలు పెట్టే ట్రయల్ ఫ్రేములో వచ్చిన 6/6ను రోగి ఇంటికి తీసుకెళ్లలేడు.

ప్రమాణం ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్నది ఇది. రోగి దగ్గరున్న కళ్లజోడుతో లేదా ఉత్తి కంటితో 6/18 లేదా అంతకంటే మంచి చూపు కనీసం 80 శాతం మందికి రావాలి. సరైన పవరు పెట్టి చూస్తే 90 శాతం మందికి రావాలి. 6/60 కంటే తక్కువ ఉన్నవాళ్లు 5 శాతం దాటకూడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి చేరాల్సిన లక్ష్యం పెట్టినప్పుడు మంచి చూపు గీతను 6/12కు జరిపింది. రిజిస్టరులో 'బాగుంది', 'ఫర్వాలేదు' అని రాస్తే రేపు ఈ కొత్త గీతతో లెక్కించలేరు. 6/9 అయితే 6/9 అనే రాయండి, ఏ గీత దగ్గర కావాలంటే అక్కడ కోసుకోవచ్చు.

రానివాళ్ల లెక్క

ఎక్కువ ఆసుపత్రుల లెక్క పాడయ్యేది ఇక్కడే. ఒక ఊహా లెక్క చూద్దాం. నెలకు 200 ఆపరేషన్లు. నెల తర్వాత 120 మంది తిరిగొచ్చారు, వాళ్లలో 108 మందికి 6/18 లేదా అంతకంటే మంచి చూపు ఉంది. 90 శాతం అని నోటీసు బోర్డు మీద రాసేస్తారు. కానీ మిగతా 80 మంది సంగతి? వాళ్లందరికీ చూపు బాగుంటే నిజమైన అంకె 94 శాతం. ఒక్కరికీ లేకపోతే 54 శాతం. మనకు నిజంగా తెలిసింది 54కీ 94కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే.

రాకపోవడానికి రెండు రకాల కారణాలుంటాయి. చూపు బాగా వచ్చి పనిలో పడిపోయినవాళ్లు ఒక రకం. చూపు రాక, "నా రాతింతే" అనుకుని మంచం పట్టుకున్నవాళ్లు రెండో రకం. రెండో రకం వాళ్లు ఫిర్యాదు చేయరు. ఉచితంగా చేసిన ఆపరేషన్‌ను తప్పుపట్టడం మర్యాద కాదనుకుంటారు. అందుకే వాళ్లను మనమే వెతకాలి.

మొత్తం 80 మందినీ వెతకాల్సిన పనిలేదు. చీటీలు వేసి 30 మందిని ఎంచండి. దగ్గర ఊళ్లని, రోడ్డు పక్క ఊళ్లని ఎంచుకోకండి, దారి లేని ఊళ్లలో ఉన్నవాళ్లే రాలేకపోయి ఉంటారు. ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, దగ్గర్లో విజన్ సెంటరు (కళ్లు పరీక్షించే చిన్న కేంద్రం) ఉంటే అక్కడికి రమ్మనండి, అదీ కుదరకపోతే చార్టు, పిన్‌హోల్, టేపు పట్టుకుని ఇంటికి వెళ్లండి. ఆ 30 మందిలో 21 మందికి మంచి చూపు ఉందనుకుందాం, అంటే 70 శాతం. 80 మందికి అదే వర్తింపజేస్తే 56. మొదటి 108తో కలిపితే 164. 200లో 164 అంటే 82 శాతం. ఇది బోర్డు మీద 90 కంటే చిన్న అంకె, కానీ దీనిమీద నిలబడి నిర్ణయం తీసుకోవచ్చు.

ఇంకా మంచిది, రాకపోవడాన్నే తగ్గించడం. డిశ్చార్జి రోజున ఇచ్చే తేదీ కోతల్లో, సంక్రాంతి వారంలో పడకుండా చూడండి. ఆడవాళ్ల విషయంలో తోడు వచ్చేవాళ్లెవరో, వాళ్ల ఫోన్ నంబరు ఏమిటో ముందే రాసుకోండి. ఆవిడ పేరు మీద ఫోన్ ఉండదు, కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటాడు, నంబరు అతనిది ఇస్తారు, అతనికి ఊళ్లో సంగతి తెలియదు. పక్కింటివాళ్ల నంబరు కూడా తీసుకోండి. బస్సు చార్జీ ఇవ్వగలిగితే ఇవ్వండి. ఫలితాల పట్టికలో ఆడ, మగ విడివిడిగా ఉంచండి. ఒకరికి తక్కువ అందుతోందా అన్నది మొత్తం అంకెలో కనిపించదు.

తిరిగొచ్చేవాళ్లు మరీ తక్కువైతే మర్నాటి చూపుతోనైనా మొదలుపెట్టండి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 40 ఆసుపత్రుల్లో చేసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లో ఉన్న చూపుకూ, నలభై రోజులు దాటాక ఉన్న చూపుకూ గట్టి సంబంధం ఉందని, ఆసుపత్రి పనితీరును మొదటి చూపుతో కూడా అంచనా వేయవచ్చని తేల్చింది. బూస్ట్ అనే ఉచిత యాప్ ఈ ఆలోచన మీదే తయారైంది. అయితే నెల తర్వాతి చూపుకు ఇది ప్రత్యామ్నాయం అనుకోకండి. మర్నాడు కార్నియా వాచి ఉంటుంది, కళ్లజోడు పవరు తేలదు, ఆలస్యంగా వచ్చే ఇబ్బందులు కనిపించవు.

చూపు ఎందుకు రాలేదు

6/18 కంటే తక్కువ ఉన్న ప్రతి కంటికీ ఒక కారణం రాయాలి. నాలుగు డబ్బాలు పెట్టుకోండి. ఒకటి, ఆపరేషన్‌కు ముందే కంట్లో వేరే జబ్బు ఉంది. రెండు, ఆపరేషన్‌లో ఇబ్బంది జరిగింది: లెన్సు వెనక పొర చిరగడం, విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) బయటికి రావడం, కార్నియా దెబ్బతినడం. మూడు, పవరు తేడా, అంటే కళ్లజోడు ఇస్తే సరిపోయేది. నాలుగు, తర్వాత వచ్చినవి: వెనక పొర మసకబారడం, రెటీనా వాపు లాంటివి. పిన్‌హోల్ పెట్టగానే రెండు మూడు వరసలు కిందికి చదివితే దాదాపుగా అది మూడో డబ్బా. పెట్టినా చదవకపోతే పూర్తిగా పరీక్ష చేసి మిగతా మూడింట్లో ఏదో డాక్టరు తేల్చాలి.

ఈ పని చేసిన చాలా ఆసుపత్రులకు మొదట కనిపించేది మూడో డబ్బా పెద్దదిగా ఉండటం. మంచి వార్త అది. మన ఊహా లెక్కకే వద్దాం. ఆపరేషన్ ఒక్కంటికి అన్నీ కలిపి 4,000 రూపాయలు అనుకుంటే 200కు 8 లక్షలు. మంచి చూపు వచ్చినవాళ్లు 164 మంది. ఒక్కో మంచి చూపుకు అయిన ఖర్చు సుమారు 4,878 రూపాయలు. మిగిలిన 36 మందిలో 20 మంది కళ్లజోడు ఇస్తే సరిపోయేవాళ్లని తేలింది. జోడు 200 రూపాయలు, మొత్తం 4,000. ఇప్పుడు ఖర్చు 8,04,000, మంచి చూపు 184 మందికి. ఒక్కొక్కరికి సుమారు 4,370. అదనంగా వచ్చిన ఒక్కో మంచి చూపుకు మనం పెట్టింది 200 రూపాయలే. కొత్త ఫాకో మిషన్ (శుక్లాన్ని అల్ట్రాసౌండుతో ముక్కలు చేసి తీసేది) కోసం దాతల్ని అడిగే ముందు ఈ లెక్క కమిటీ బల్ల మీద ఉండాలి. మిషన్ వద్దని కాదు. 200 రూపాయలతో వచ్చే చూపును వదిలేసి లక్షలతో వచ్చే చూపు వెనక పడకూడదని నా గట్టి నమ్మకం.

కళ్లజోడు ఇవ్వడం చికిత్స. ఇంతమందికి అది ఎందుకు కావాల్సి వస్తోందన్నది వేరే ప్రశ్న, దాని జవాబు బయోమెట్రీ గదిలో, అంటే లెన్సు పవరు కోసం కన్ను కొలిచే గదిలో ఉంటుంది. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

ప్రతి రోగికీ లెన్సు ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ తర్వాత ఇంత పవరు మిగులుతుందని ఫార్ములా చెబుతుంది. దాన్ని రాసి పెట్టుకోండి. నెల తర్వాత రిఫ్రాక్షన్‌లో నిజంగా ఎంత వచ్చిందో పక్కన రాయండి. రెండింటి తేడా తీయండి, ప్లస్సో మైనస్సో గుర్తుతో సహా. బ్రిటన్‌లో 2009లో సూచించిన ప్రమాణం ప్రకారం 85 శాతం మందికి ఈ తేడా 1 డయాప్టర్ (పవరును కొలిచే యూనిట్) లోపల, 55 శాతం మందికి అర డయాప్టర్ లోపల ఉండాలి. మీది ఎక్కడుందో చూసుకోండి.

ఆ తర్వాత గుర్తు చూడండి. తేడాలు ఎక్కువగా మైనస్ వైపే ఉంటే మొదట అనుమానించాల్సింది కంటి పొడవును అల్ట్రాసౌండుతో కొలిచే ఏ-స్కాన్ ప్రోబు. కంటి పొడవు కొలతలో 1 మిల్లీమీటరు తప్పు వస్తే పవరులో రెండున్నర నుంచి 3 డయాప్టర్ల తేడా వస్తుంది. ప్రోబును కార్నియాకు ఆనించి కొలిచేటప్పుడు చెయ్యి కాస్త బరువుగా పడితే కార్నియా నొక్కుకుంటుంది, కన్ను ఉన్నదానికంటే పొట్టిగా నమోదవుతుంది, ఫార్ములా ఎక్కువ పవరు లెన్సు చెబుతుంది, రోగికి దూరం మసకగా మిగులుతుంది. చెయ్యి తేలిక చేసుకోవడం నేర్చుకోవచ్చు, లేదా నీటి గిన్నెతో చేసే ఇమ్మర్షన్ పద్ధతికి మారవచ్చు. తేడాలన్నీ ఒకే కంపెనీ లెన్సు వేసినవాళ్లలో ఒకే వైపుకు ఉంటే ఆ లెన్సు ఏ-కాన్‌స్టెంటును (ఫార్ములాలో ఆ లెన్సుకు వాడే స్థిర సంఖ్యను) మీ ఫలితాలతో సరిచేసుకోవాలి. అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే కార్నియా వంపు కొలిచే కెరటోమీటరు క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో చూడండి, కొలిచే మనుషులు ఎంతమంది మారుతున్నారో చూడండి, లెన్సుల అలమారా కూడా చూడండి. రోగికి 22 కావాలి, స్టాకులో 22 లేదు, 21 ఉంది, అదే వేశారు. ఇలాంటివి ఆపరేషన్ నోట్సులో ఎక్కవు. 'కావాల్సిన పవరు', 'వేసిన పవరు' అని రెండు గడులు పెడితే ఎక్కుతాయి.

సిలిండర్ పవరు (కార్నియా వంపు అన్ని దిశల్లో సమానంగా లేకపోతే వచ్చేది) ఎక్కువ వస్తుంటే కోత ఎక్కడ పెడుతున్నారో అడగండి. కుట్టు లేని చిన్న కోత ఆపరేషన్‌లో కోత పైభాగంలో పెడితే పెద్ద వయసువాళ్లలో మామూలుగా ఉండే సిలిండరుకు ఇంకొంత తోడవుతుంది. పక్కకు, కణత వైపుకు మార్చితే తగ్గుతుంది. దీన్ని సర్జన్లకు నోటితో చెప్పడం కష్టం. నెలల పట్టిక ముందు పెడితే వాళ్లే చూస్తారు.

రోగి మాట

చార్టు మీద 6/12 చదివిన ఒకావిడ, పలాస వైపు జీడిపప్పు పొట్టు తీసే పని ఆవిడది, నాతో అన్న మాట ఇది: "బస్సు దూరం నుంచే అగుపడతంది తల్లీ. పప్పు మీద పొట్టు అగుపడ్డం నేదు." మేం వేసే లెన్సు దూరానికి సరిపోయేది. దగ్గర పనికి జోడు కావాలి. చార్టు ప్రకారం ఆవిడది మంచి ఫలితం. ఆవిడ రోజుకూలి ప్రకారం సగం ఫలితం. అందుకే దగ్గరి చూపు కూడా కొలవండి, దగ్గరి జోడు ఇచ్చారా లేదా అన్నదానికి ఒక గడి పెట్టండి. కుట్టుపని, వల అల్లడం, బియ్యంలో రాళ్లు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, ఏ పని చేస్తారో ఆపరేషన్‌కు ముందే అడిగి రాసుకుంటే తర్వాత అదే పని గురించి అడగవచ్చు.

పద్ధతిగా అడగాలనుకుంటే స్వీడన్‌లో తయారైన క్యాట్‌క్వెస్ట్-9ఎస్ఎఫ్ ఉంది. తొమ్మిది ప్రశ్నలు: పేపరు చదవడం, మనుషుల ముఖాలు గుర్తుపట్టడం, కొట్లో ధరలు చూడటం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం, టీవీ మీద అక్షరాలు, ఇలా. మన దేశంలో రోగుల్ని అడిగి తయారుచేసిన 33 ప్రశ్నల ఇండ్-విఎఫ్‌క్యూ కూడా ఉంది, అది పొడుగు. ఏదైనా ఒకటే పట్టుకోండి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అదే అడగండి, ప్రశ్నల్ని మధ్యలో మార్చకండి. మార్చితే వేరేవాళ్లతో పోల్చుకోలేరు.

అడిగేది ఎవరన్నది కూడా ముఖ్యం. ఆపరేషన్ చేసిన డాక్టరు గానీ, చుక్కల మందు వేసిన సిస్టరు గానీ అడిగితే "మీ దయ, బాగుంది బాబూ" అనే వస్తుంది. వార్డుతో సంబంధం లేనివాళ్లతో, ఓపీ బయట కూర్చోబెట్టి అడిగించండి. "బాగుందా?" అని అడగొద్దు. "చీకటి పడ్డాక బయటికి వెళ్తున్నారా? ఎవరైనా చెయ్యి పట్టుకుంటున్నారా?" అని అడగండి.

నెల మీటింగు

పట్టిక తయారయ్యాక అందరూ కూర్చోవాలి: సర్జన్లు, ఆప్టోమెట్రిస్టులు, థియేటర్ సిస్టర్లు, క్యాంపుల మేనేజరు, కౌన్సిలర్లు. గంట చాలు. మొదటి మీటింగుల్లో సర్జన్ల పేర్లు తెర మీద వేయొద్దు. ఎవరి అంకె వాళ్లకు విడిగా కవరులో ఇవ్వండి. పేర్లు వేస్తే మర్నాటి నుంచి కష్టమైన కళ్లు పక్క ఊరి ఆసుపత్రికి రెఫర్ అవుతాయి, అంకె బాగుపడుతుంది, రోగి మాత్రం ఇంకా దూరం పోవాల్సి వస్తుంది.

పోల్చేటప్పుడు కన్ను కష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. బ్రిటన్‌లో 55 వేలకు పైగా ఆపరేషన్ల లెక్కలో వెనక పొర చిరగడం 2 శాతం లోపే ఉంది. మన దగ్గర గోధుమ రంగుకు తిరిగి రాయిలా గట్టిపడ్డ శుక్లాలు, కనుపాప విప్పారని కళ్లు ఎక్కువ. అలాంటివన్నీ ఒక సీనియరే చేస్తుంటే ఆయన అంకె జూనియర్ అంకె కంటే చెడ్డగా కనిపిస్తుంది. అందుకే శుక్లం ఎంత ముదిరిందో ముందే రాయాలన్నాను.

చిన్న అంకెలతో తొందరపడకండి. 50 ఆపరేషన్లలో ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు జరిగితే రెండో ఆయన చెయ్యి మంచిది కాదని అర్థం కాదు. కొన్ని నెలలు కలిపి చూడండి. ఇన్ఫెక్షన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 300 ఆపరేషన్లలో ఒక్క ఇన్ఫెక్షన్ కూడా లేకపోయినా, నిజమైన రేటు వందకు ఒకటి దాకా ఉండే అవకాశాన్ని ఆ అంకె కొట్టిపారేయలేదు. ఆపరేషన్ చివర కంటిలోకి మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపలి ఇన్ఫెక్షన్) 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గిందని చెప్పడానికి అరవింద్ వాళ్లు ఆరు లక్షల ఆపరేషన్లు చూడాల్సి వచ్చింది. మన స్థాయిలో ఇన్ఫెక్షన్‌కు శాతం లెక్కలు పెట్టుకోవద్దు. ఒక్కటి వచ్చినా ఆ రోజు ఆటోక్లేవ్, ద్రావణం బ్యాచి, థియేటర్ జాబితా అన్నీ బయటికి తీసి చూడాలి.

ప్రతి మీటింగులో ఒకే ఒక్క మార్పు నిర్ణయించండి. ఎవరు చేస్తారో పేరు రాయండి. ఈ నెల ఇమ్మర్షన్‌కు మారదాం అంటే అదే. దాంతోపాటు లెన్సు కంపెనీని కూడా మార్చేస్తే, తర్వాత తేడాలు తగ్గినా దేనివల్ల తగ్గాయో తెలియదు. మార్చిన తేదీ దగ్గర రిజిస్టరులో ఎర్ర సిరాతో అడ్డగీత గీయండి. గీతకు ముందు వంద కళ్లు, తర్వాత వంద కళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆ మార్పును పక్కనపెట్టి ఇంకోటి.

క్యాంపుల మేనేజరుకూ, విజన్ సెంటర్ల వాళ్లకూ పట్టికలో వాళ్ల వంతు విడిగా ఇవ్వండి. తమ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో ఎంతమందిని తిరిగి చూడగలిగామో, ఎవరికి ఇంకా జోడు అందలేదో అందులో ఉండాలి. చూపు తక్కువగా తేలిన ప్రతి పేరు పక్కన, జోడు ఇచ్చాం, మసకబారిన వెనక పొరకు యాగ్ లేజర్ చేశాం, రెటీనా డాక్టరు దగ్గరికి పంపాం, ఇక చేయగలిగింది లేదని రోగికీ ఇంట్లోవాళ్లకూ చెప్పాం, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తేదీతో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లు వచ్చే నెల పేజీలో మొదటి వరసల్లోకి ఎక్కించి, ఆ నెల ఫోన్లు వాళ్లతోనే మొదలుపెట్టండి.